గుమ్మం ముందు గోడరాయి

అనగనగా ఒక అడవి. ఆ అడవికి ఒక గోడ ఉండేది. అడవికి గోడేమిటి, రేపు చెట్లకి తలుపులు కూడా పెడతావా అని నవ్వకండి. ఉండేదంటే ఉండేది. నన్ను చెప్పనివ్వండి ముందు.

ఆ అడవి మధ్యలో ఒక లోయ. లోయలో ఒక సెలయేరు, మోకాలెత్తు గడ్డి, రేగుపొదలు, నేరేడు చెట్లు. దుప్పులూ కుందేళ్ళూ ఉడతలూ హాయిగా బతికేవి. లోయకి మూడు పక్కలా నిటారుగా కొండలే. నాలుగో పక్క మాత్రం రెండు కొండల మధ్య సన్నటి కనుమ. ఆ కనుమ దాటితే అవతలంతా ఎండిన మైదానం. ఆ మైదానం నిండా తోడేళ్ళు. అందుకని పూర్వం ఎప్పుడో ఆ కనుమకి అడ్డంగా, ఈ కొండ దగ్గర్నుంచి ఆ కొండ దాకా, రాతిగోడ కట్టారు.

ఎవరు కట్టారంటే, ఏనుగులు పెద్ద పెద్ద బండలు మోసుకొచ్చాయి. ఎలుగుబంట్లు వాటిని దొర్లించి వరస పెట్టాయి. కొండముచ్చులు బండకీ బండకీ మధ్య సందుల్లో సరిపోయే చిన్నరాళ్ళు వెతికి వెతికి బిగించాయి. సున్నం లేదు, మట్టి లేదు. రాయిని రాయి పట్టుకుని నిలబడింది, అంతే. తరాలు గడిచాయి. ఏనుగులు నీళ్ళు వెతుక్కుంటూ వేరే అడవులకి వెళ్ళిపోయాయి. ఎలుగుబంట్లు కొండెక్కి మళ్ళీ దిగలేదు. కొండముచ్చుల్లో ఒకే ఒక్క ముసలిది మిగిలింది. దాని పేరు అంకాలవ్వ. అది గోడ మీదే ఉండేది, గోడ మీదే తినేది, గోడ మీదే కునికేది.

మన కథ నాటికే గోడ శిథిలమైపోయింది. పైవరసలు జారిపోయాయి. అక్కడక్కడా బండలు ఒరిగాయి. సందుల్లో గడ్డి మొలిచింది. అయినా తోడేలు దూకలేనంత ఎత్తు మాత్రం ఇంకా మిగిలే ఉంది.

లోయలో వాళ్ళకి ఆ గోడంటే ఎంత భక్తో చెప్పలేను. ఏటా వానలకి ముందు ఒక రోజు అందరూ పిల్లాజెల్లాతో గోడ చూడ్డానికి బయల్దేరేవారు. దానికి 'గోడ చూపు' అని పేరు. గోడ పొడవునా నడిచి, పెద్దల కథ విని, వస్తూ వస్తూ ఒక చిన్నరాయి తెచ్చి గుమ్మం ముందు పెట్టుకునేవారు. ఆ రాయి ఉంటే ఇంటికి రక్ష అని నమ్మకం. ఎప్పుడో ఒక దుప్పి అలా రాయి తెచ్చుకుందట, మర్నాడే దాని పిల్లకి జ్వరం తగ్గిందట. జ్వరం ఎలాగూ మర్నాడు తగ్గేదేమో. ఆ ముక్క ఎవరితో అంటాం? అప్పట్నుంచీ అందరూ తెచ్చుకోవడం మొదలుపెట్టారు. పెద్దబండలు ఎవరూ మొయ్యలేరు కదా, అందుకని అందరూ సందుల్లో చిన్నరాళ్ళే లాక్కునేవారు.

ఆ లోయలో నాంచారమ్మ అని ఒక కుందేలు ఉండేది. కిందటేడు కొండచరియ విరిగిపడి మొగుడు పోయాడు. మిగిలింది ఒక్కతే కూతురు. పేరు జాజి. గుప్పెడంత పిల్ల. తెల్లటి పొట్ట, ఎప్పుడూ అదురుతూ ఉండే ముక్కు.

ఆ పిల్లకి భయం. అలాంటిలాంటి భయం కాదు. ఆకు రాలితే భయం. నేరేడుపండు టప్పుమని పడితే భయం. నీళ్ళలో తన మొహం తానే చూసుకుని బొరియలోకి పారిపోయేది. మీలోనూ ఉన్నారు లెండి అలాంటివాళ్ళు, ఇప్పుడు పేర్లెందుకు. నిద్రలో కూడా ఉలిక్కిపడి "అమ్మా" అనేది. తిన్నది ఒంటికి పట్టేది కాదు. తండ్రి పోయిన దగ్గర్నుంచీ అంతే. నాంచారమ్మ ఆ పిల్లని చూసి చూసి చిక్కిపోయింది. ఉన్న ఒక్కదాన్నీ ఈ భయమే తినేస్తుందేమోనని దాని బెంగ.

పక్క బొరియలో పేరిందేవమ్మ ఉండేది. అదీ కుందేలే. సలహా చెప్పడానికి దాన్ని పిలవనక్కర్లేదు, తనే వస్తుంది.

"వదినా, మీ గుమ్మం ముందు గోడరాయి లేదు. అదీ అసలు సంగతి" అంది పేరిందేవమ్మ. "మా ఇంటి ముందు నాలుగున్నాయి. మా పిల్లల్ని చూడు, ఉరుము ఉరిమినా కదలరు."

ఆ పిల్లలు కదలకపోవడానికి కారణం వేరే. పొట్ట పగిలేలా తిని కదల్లేక కదలరు. కానీ బెంగలో ఉన్న తల్లికి అవన్నీ కనిపిస్తాయా? నాంచారమ్మ సరేనంది.

ఆ ఏడు గోడ చూపు రోజు జాజిని వెంటబెట్టుకుని వెళ్ళింది. కనుమ దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. దుప్పులకి పెద్ద వీరాస్వామి కిందపడిన బండ మీద నిలబడి, కొమ్ములు వెనక్కి విసిరి, ఏటా చెప్పే కథే మళ్ళీ చెప్పాడు. ఏనుగులు ఎలా మోశాయో, ఎలుగులు ఎలా దొర్లించాయో చెప్పాడు. కొండముచ్చుల మాట ఎప్పట్లాగే మర్చిపోయాడు.

"ఈ గోడ మన ప్రాణం. దీని రాయి మన ఇంటికి దీపం. తలొకటీ తీసుకోండి" అన్నాడు చివర్లో.

అందరూ గోడ మీదికి ఎగబడ్డారు. పైనుంచి అంకాలవ్వ అరుస్తూనే ఉంది. "కింద పడినవి తీసుకోండి నాయనా. బిగించినవి ముట్టుకోకండి. చిన్నవని చులకన చెయ్యకండి." ఆ కేకలు అందరికీ ఏటా అలవాటే. ముసల్దానికి చాదస్తం అని నవ్వుకుని, తమ పని తాము చూసుకున్నారు.

నాంచారమ్మ బుద్ధిగా కింద పడిన రాయే ఒకటి ఏరుకుంది. జాజి తల్లి వెనక నక్కి, గోడని తలెత్తి చూసింది.

"అవ్వా, ఇంత ఎత్తున నిలబడ్డానికి ఈ గోడకి భయం వెయ్యదా?" అని అడిగింది.

అంకాలవ్వ కిందికి దిగొచ్చింది. తనతో మాట కలిపినవాళ్ళు ఆ రోజు ఆ పిల్లొక్కతే. "ఎందుకు వెయ్యదమ్మా, వేస్తుంది. అందుకే కదా, ఈ రాళ్ళు ఒకదాన్నొకటి ఇంత గట్టిగా పట్టుకున్నాయి" అంది.

తర్వాత నాంచారమ్మని పక్కకి పిలిచింది. "అమ్మాయ్, పిల్ల భయం పోగొట్టాలని రాయి తీసుకెళ్తున్నావా? కుందేలుకి భయం జబ్బు కాదే. చెవులెలాగో అదీ అలాగే. పుట్టుకతో వచ్చింది. తండ్రి లేని పిల్ల, నువ్వు పక్కన కూర్చుంటే సగం తగ్గుతుంది. ఆ మిగతా సగం ఉండనీ, దానికి పనికొస్తుంది."

నాంచారమ్మకి ఒళ్ళు మండింది. పైకి ఏమీ అనలేదు. పిల్లాపాపా లేని దానివి, నీకేం తెలుసులే అని మనసులో అనుకుంది. తప్పు మాటే. కానీ అనుకుంది.

రాయి గుమ్మం ముందు పెట్టింది. జాజి భయం తగ్గలేదు. మర్నాడు సెలయేరు దాకా వెళ్ళి, పీత కనిపిస్తే నీళ్ళు తాగకుండానే తిరిగొచ్చేసింది.

"కింద పడినదానికి ఏం సత్తువుంటుంది వదినా" అంది పేరిందేవమ్మ. "నిలబడి ఉన్న గోడలోంచి తియ్యాలి. అది తెచ్చుకో."

రెండోసారి నాంచారమ్మ ఒక్కతే వెళ్ళింది. జాజిని బొరియలో ఉంచి, కదలొద్దని చెప్పింది. అంకాలవ్వ గోడకి ఆ చివర ఉంది. నాంచారమ్మ ఈ చివర కూర్చుని, రెండు బండల మధ్య బిగించిన రాయిని పళ్ళతో పట్టి లాగింది. కాసేపు మొండికేసి, చివరికి ఊడి వచ్చింది. ఊడిన చోట కన్నం పడింది. ఆ కన్నంలోంచి అవతలి వెలుగు కనపడింది. వెంటనే ఆ వెలుగు మాయమైంది. దానికి అడ్డంగా ఒక పసుపుపచ్చని కన్ను వచ్చింది.

"ఎవరు తల్లీ అది?" అంది అవతలి గొంతు. ఎంతో మర్యాదగా అంది. "అబ్బ, ఎంత చల్లటి గాలి. మావైపు ఆకు కూడా కదలదు. పుణ్యాత్మురాలివి. నీ కడుపు చల్లగా ఉండాలి."

నాంచారమ్మ వెనక్కి గెంతింది. రాయిని నోట కరుచుకుని ఒక్క పరుగున ఇంటికి వచ్చి పడింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే తోడేలు నీకెలా కనిపించింది అంటారు. కన్నం ఎవరు చేశారు అంటారు. ఆ సిగ్గుతో నోరు కుట్టేసుకుంది. ఆ రోజూ మర్నాడూ బొరియ దాటలేదు. జాజిని పొట్టకి అదుముకుని కూర్చుంది. ఆ రెండు రోజులూ జాజి ఉలిక్కిపడకుండా పడుకుంది.

అమ్మ పక్కనుంది కాబట్టి పడుకుంది. మీకు తెలుస్తోంది, నాకు తెలుస్తోంది. నాంచారమ్మ మాత్రం రాయి మహిమ అనుకుంది. మూడో రోజు మేతకి వెళ్ళక తప్పలేదు. వచ్చేసరికి జాజి మూలకి చేరి వణుకుతోంది. రాయి మహిమ చాల్లేదు, ఇంకా పెద్ద మహిమ కావాలి అనుకుంది తల్లి.

"అయితే ఇక ఏనుగుబండ కింది రాయే" అంది పేరిందేవమ్మ. "అది దొరికితే నీ పిల్ల పులిపిల్లే."

గోడకి నట్టనడుమ ఒక బండ ఉండేది. ఆ గోడలోకల్లా పెద్దది. పది ఏనుగులు కలిసి ఎత్తిందని చెప్పుకునేవారు. దాని కింద ఒక పక్క వెలగపండంత రాయి బిగించి ఉండేది. దాని పక్కన ఒకప్పుడు ఇంకా అలాంటివి ఆరో ఏడో ఉండేవి. ఏడాదికొకటిగా వెళ్ళిపోయాయి. ఇదొక్కటే మిగిలింది.

నాంచారమ్మ మూడోసారి గోడ దగ్గరికి వెళ్ళింది. ఎండ నడినెత్తిన ఉంది. అంకాలవ్వ సరిగ్గా ఏనుగుబండ మీదే కూర్చుని ఉంది.

"వచ్చావా" అంది అంకాలవ్వ. "నీ చూపు ఎక్కడుందో తెలుస్తోందమ్మా. దాన్ని మాత్రం ముట్టుకోకు. మా ముత్తవ్వ బిగించిన రాయి అది. ఈ బండ దాని మీద వాలి ఉంది. ఈ బండ మీద గోడంతా వాలి ఉంది. అది తీస్తే ఒక్క వానకి మొత్తం జారిపోతుంది. మళ్ళీ ఎత్తడానికి ఏనుగులు లేవు."

"అయ్యో, నేనెందుకు తీస్తానవ్వా. నా బిడ్డ మీద ఒట్టు" అంది నాంచారమ్మ.

"బిడ్డ మీద ఒట్లెందుకు. ముట్టుకోనని చెప్పు, చాలు."

"ముట్టుకోను."

అంకాలవ్వ నమ్మింది. దానికి దాహంగా ఉంది. మోకాళ్ళు పట్టేసి, సెలయేటి దాకా వెళ్ళి రావాలంటే చాలాసేపు పడుతుంది. "కాసేపు చూస్తూ ఉండు తల్లీ, ఎవరైనా వస్తే కేకెయ్యి" అని చెప్పి, కుంటుకుంటూ దిగి వెళ్ళింది.

గోడ దగ్గర నాంచారమ్మ ఒక్కతే మిగిలింది. తీయకూడదని దానికి తెలుసు. తెలియక చేసిందని నేను అబద్ధం చెప్పను. అవతల కన్ను కూడా గుర్తుంది. కానీ మూలకి చేరి వణికే జాజి అంతకంటే ఎక్కువ గుర్తొచ్చింది. ఇన్నేళ్ళ గోడ, నేను ఒక్క రాయి తీస్తే పడుతుందా, ఇన్నాళ్ళూ అందరూ తియ్యలేదా అనుకుంది. లాగింది. బండ కిర్రుమంది, వెంట్రుకంత కిందికి దిగింది, ఆగింది. నాంచారమ్మ ఊపిరి బిగబట్టి చూసింది. గోడ నిలబడే ఉంది.

ముసల్దాని చాదస్తం, ఏమీ కాలేదు అనుకుంటూ ఇంటిదారి పట్టింది.

రాయిని గుమ్మం ముందు, మిగతా రెండింటి పక్కన పెట్టి, జాజిని పిలిచింది. "చూడమ్మా, గోడ మొత్తాన్నీ మోసే రాయి ఇది. ఇది మన ముందు ఉండగా నిన్ను ఎవరూ ఏమీ చెయ్యలేరు."

"ఉరుములు వచ్చినా?"

"వచ్చినా."

"తోడేలు వచ్చినా?"

"వచ్చినా."

"మరి అప్పుడు పారిపోవద్దా అమ్మా?"

"అక్కర్లేదు. ఈ రాయి పక్కన నిలబడు, చాలు."

జాజి నమ్మింది. అమ్మ చెప్పింది కదా, ఎందుకు నమ్మదు? ఆ రోజు నుంచి పిల్ల మారిపోయింది. ఆకు రాలితే తలెత్తి చూసేది. నేరేడుపండు పడితే పరుగెత్తుకెళ్ళి తినేది. పొద్దస్తమానం ఆ రాయి పక్కన కూర్చుని, వచ్చేపోయేవాళ్ళని పలకరించేది. ఒళ్ళు చేసింది. నాంచారమ్మ జన్మలో అంత సంతోషపడలేదు. పిల్ల నవ్వుతూ ఉంటే చూడ్డానికి మేత మానేసి కూర్చునేది. ఆ నాలుగు రోజులూ ఆ ఇల్లు ఇల్లులా ఉంది.

అయిదో రోజున బండ కింది ఖాళీ కంటపడి, అంకాలవ్వ లోయలోకి దిగింది. నీళ్ళకి తప్ప అది గోడ విడిచి రావడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. ఇల్లిల్లూ తిరిగి అడిగింది. "ఏనుగుబండ కింది రాయి ఎవరు తీశారు నాయనా? ఎవర్నీ ఏమీ అనను. ఇచ్చెయ్యండి చాలు. వాన పడేలోగా మళ్ళీ బిగించుకుంటాను." ప్రతి ఇంటి ముందూ రాళ్ళే. ప్రతి వాళ్ళూ మాది కాదు అనేవారే.

నాంచారమ్మ ఇంటి ముందుకి వచ్చింది. నాంచారమ్మ దూరం నుంచే చూసి, గబగబా వెళ్ళి ఆ రాయి మీద కూర్చుంది. జాజి ఏదో చెప్పబోయింది. తల్లి కళ్ళురిమింది. జాజి నోరు మూసుకుంది.

"నీ దగ్గర ఉందా తల్లీ?" అంది అంకాలవ్వ.

"లేదవ్వా. నీకు మాటిచ్చాను కదా."

అంకాలవ్వ కాసేపు అలాగే చూసింది. "రెండు రోజుల్లో వాన వస్తుంది. అప్పటిదాకా నేను గోడ దగ్గరే ఉంటాను" అంది. కుంటుకుంటూ వెళ్ళిపోయింది. ఆ పూట నాంచారమ్మ ఇచ్చేద్దామా అనుకుంది. ఇస్తే పిల్ల భయం తిరిగొస్తుంది. అబద్ధం ఆడానని నలుగురికీ తెలిసిపోతుంది. రేపు చూద్దాం అనుకుంది. రేపు కూడా రేపు చూద్దాం అనుకుంది.

వాన వచ్చింది. మూడు రోజులు ఆగకుండా కురిసింది. నాలుగో రోజు పొద్దున తెరిపి ఇచ్చింది. ఎండ కాసింది. మూడు రోజుల ఆకలి మీద అందరూ బయటికొచ్చారు. నాంచారమ్మ సెలయేటి అవతలికి లేతగడ్డి కోసం వెళ్ళింది. జాజి గుమ్మం ముందు ఎండలో కూర్చుంది.

అప్పుడు కొండ విరిగినట్టు చప్పుడైంది. లోయంతా అదిరింది. కనుమ వైపు నుంచి దుమ్ము లేచింది. ఆ దుమ్ములోంచి అంకాలవ్వ కేక ఒక్కటే వినపడింది. "బండ జారింది. వస్తున్నాయి. పరుగెత్తండి."

తోడేళ్ళు వచ్చాయి. ఒకటి కాదు, రెండు కాదు. ఎన్నో ఏళ్ళుగా ఆ గోడ వెనక కూర్చుని ఎదురుచూస్తున్నవి. దుప్పులు కొండ మీదికి ఎగబాకాయి. ఉడతలు చెట్లెక్కాయి. పేరిందేవమ్మ పిల్లలు, ఆ తిండిపోతులు కూడా, కళ్ళు మూసి తెరిచేలోగా బొరియలో దూరారు. వాళ్ళకి రాళ్ళు గుర్తు రాలేదు. భయం గుర్తొచ్చింది.

నాంచారమ్మ వెనక కాళ్ళతో నేలని దబదబా కొట్టింది. ప్రమాదం, దాక్కోండి అని దానర్థం. ప్రతి కుందేలు పిల్లకీ తెలుసు. కొడుతూనే పరుగెత్తింది. సెలయేరు దాటింది. మలుపు తిరిగింది. ఇల్లు కనిపించింది.

జాజి లోపలికి వెళ్ళలేదు. రాయి పక్కన నిలబడి ఉంది. నిటారుగా, చెవులు నిక్కబొడుచుకుని నిలబడి ఉంది. బొరియ దానికి అడుగు దూరంలో ఉంది.

"లోపలికి పో" అని నాంచారమ్మ అరిచింది. "జాజీ, లోపలికి పో."

జాజికి వినపడింది. తల్లి వైపు తిరిగింది. మొహం వెలిగిపోతోంది.

"అమ్మా, చూడు, నాకు భయం వెయ్యట్లేదు" అంది.

తల్లికీ పిల్లకీ మధ్య తోడేలు ఉంది. ఆ తర్వాత జరిగింది నేను చెప్పను. మీరూ అడగకండి.

పొద్దు తిరిగేసరికి తోడేళ్ళు కడుపులు నింపుకుని మైదానం వైపు వెళ్ళిపోయాయి. ఇక వాటికి దారి తెలుసు. ఎప్పుడు కావాలంటే అప్పుడు వస్తాయి. మిగిలినవాళ్ళు ఏడుస్తూ కనుమ దగ్గర చేరారు. గోడ లేదు. ఏనుగుబండ వాననీళ్ళు పక్కన కోసిన వాగులోకి దొర్లి, సగం బురదలో కూరుకుపోయి ఉంది. దాని వెనకే పైవరసలన్నీ కూలిపోయాయి.

"ఎవరు తీశారు ఆ రాయి?" అన్నాడు వీరాస్వామి. అతని మనవడు కూడా పోయాడు.

నాంచారమ్మ ముందుకొచ్చింది. "నేను తీశాను. అవ్వ వద్దంది. తియ్యనని మాటిచ్చాను. తీశాను. అడగడానికి వస్తే దాని మీద కూర్చుని, లేదని చెప్పాను" అంది. అదంతా ఏడవకుండా చెప్పింది. ఏడవడానికి దానిలో ఏమీ మిగల్లేదు.

అందరూ ఒక్కసారి దాని మీద విరుచుకుపడ్డారు. లోయలోంచి వెళ్ళగొట్టాలన్నారు. ఎక్కువ అరిచింది పేరిందేవమ్మే.

అంకాలవ్వ రాళ్ళ మధ్య కూలబడి ఉంది. ఒక కాలు నలిగిపోయింది. "వీరాస్వామీ, నీ పొద ముందు ఎన్ని రాళ్ళున్నాయి?" అని అడిగింది.

వీరాస్వామి తల దించుకున్నాడు. "మా తాతల నాటివీ కలిపి పదకొండు" అన్నాడు.

"పేరిందేవీ, నీ ఇంటి ముందు?"

పేరిందేవమ్మ అరుపు ఆగిపోయింది.

"చివరిది ఈ అమ్మాయి తీసింది. తప్పు చేసింది. దానికి పడాల్సిన దెబ్బ పడింది, అంతకు మించి మీరు వెయ్యగలిగిందేమీ లేదు" అంది అంకాలవ్వ. "ముందరివన్నీ ఎవరు తీశారో ఇళ్ళకి పోయి చూసుకోండి."

వాళ్ళు వెళ్ళారు. ఒక్కొక్కరే తమ రాళ్ళు తెచ్చి కనుమలో పోశారు. సాయంత్రానికి అది గుట్టయింది. అన్ని రాళ్ళు లోయలో ఉన్నాయని ఎవరికీ తెలియదు. అంతమంది దగ్గర, అంత భక్తిగా, అన్నేళ్ళు దాచిన రాళ్ళు. వాటిని మళ్ళీ బిగించుకుందామంటే పట్టుకోవడానికి పెద్దబండ లేదు. దుప్పులన్నీ కలిసి ఏనుగుబండని తోశాయి. అది కదల్లేదు.

అంకాలవ్వ ఆ చలికాలం దాటలేదు. చాలా కుటుంబాలు పిల్లల్ని వెంటబెట్టుకుని కొండ అవతలికి వలసపోయాయి. వెళ్ళలేనివాళ్ళు మిగిలారు. నాంచారమ్మ తన బొరియ వదిలేసి కనుమలోకి వచ్చేసింది. వచ్చే ప్రతి తోడేలునీ దూరం నుంచే కనిపెట్టి, నేలని దబదబా కొట్టేది. ఆ చప్పుడు విని లోయంతా దాక్కునేది. గోడ చేసే పనిలో అది వెయ్యో వంతు కూడా కాదు. అయినా రోజూ చేసేది. వానలో చేసేది, ఎండలో చేసేది. కాళ్ళ వెంట్రుకలు ఊడిపోయి, చర్మం కాయలు కాసింది. దానితో ఎవరైనా మాట్లాడితే మాట్లాడేది, లేకపోతే లేదు.

ఏళ్ళు గడిచాయి. గోడ చూపు మాత్రం మానలేదు. ఒక ఏడు పిల్లలంతా ఆ కూలిన రాళ్ళు చూడ్డానికి వచ్చారు. వాళ్ళలో ఒక దుప్పిపిల్ల, ఆ వసంతంలోనే పుట్టినది, ముసలి కుందేలు దగ్గరికి వచ్చి కూర్చుంది.

"అవ్వా, ఈ గోడని తోడేళ్ళు పడగొట్టాయా?" అని అడిగింది.

"కాదు నాన్నా. గోడ పడిపోయాక అవి వచ్చాయి. పడగొట్టింది మేమే. ఆఖరి రాయి నేను తీశాను" అంది నాంచారమ్మ.

"ఎందుకు తీశావు?"

"మా అమ్మాయికి ప్రతిదానికీ భయంగా ఉండేది. భయం పోవాలని తీశాను."

దుప్పిపిల్ల ఆలోచించింది.

"మరి పోయిందా అవ్వా?"

నాంచారమ్మ కనుమ అవతల మైదానం వైపు చూసింది.

"పోయింది నాన్నా" అంది.

నీతి: అందరినీ కలిపి కాచేదాన్ని ముక్కలు చేసి ఎవరింటికి వారు పట్టుకుపోతే, అది ఏ ఇంటినీ కాయదు.